చూసి, లెక్కపెట్టి, తెలుసుకున్న శాస్త్రవేత్త: జె.బి.ఎస్. హాల్డేన్

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• హాల్డేన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు;
• జీవపరిణామ అధ్యయనంలో గణితం పాత్రను వివరించగలుగుతారు;
• ఖరీదైన పరికరాలు లేకుండా ప్రకృతిని పరిశోధించే పద్ధతిని ఉదాహరణలతో తెలుపగలుగుతారు.

ప్రవేశిక

పరిశోధన అనగానే మనకు పెద్ద ప్రయోగశాల, విలువైన యంత్రాలు గుర్తుకొస్తాయి. అవి లేనివారు పరిశోధన చేయలేరా? ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఒక శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు మన దేశంలోనే సమాధానం వెదికాడు. ఆయన ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, చివరకు తన దేహాన్ని కాకినాడ వైద్య కళాశాలకు అప్పగించాడు.

బాల్యం

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధించిన శాస్త్రవేత్త. గనులలో చేరే విషవాయువుల వల్ల కార్మికులు మరణించడం ఆయనను కలచివేసేది.

ఒకసారి ఆయన కొడుకును బొగ్గుగనిలోకి తీసుకువెళ్లాడు. నిటారుగా నిలబడి నాటకంలోని ఒక ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. బాలుడు కొన్ని వాక్యాలు చెప్పేసరికి ఊపిరాడక కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. నేలమీద మాత్రం గాలి బాగానే ఆడింది. మీథేన్ గాలికంటే తేలికైనది కనుక గని పైకప్పు దగ్గర చేరుతుందని అతనికి ఆనాడే అనుభవంలోకి వచ్చింది. ఝరియా, ధన్‌బాద్ గనుల గురించి విన్న జంషెడ్‌పూర్ వాసులకు ఈ పాఠం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగించే ప్రయోగమైతే ముందు తనమీదనే చేసుకోవడం హాల్డేన్‌కు తండ్రి నుంచి వచ్చిన అలవాటు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాముల నావికుల రక్షణకోసం అధిక పీడనపు గదులలో తానే కూర్చున్నాడు. ఆ ప్రయోగాలలో ఆయన వెన్నెముకకు దెబ్బ తగిలింది.

పరిణామానికి లెక్క

హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లో గణితాన్ని, ప్రాచీన భాషలను చదివాడు. జీవశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో గాయపడి, కోలుకోవడానికి కొంతకాలం భారతదేశంలో గడిపాడు. తరవాత కేంబ్రిడ్జిలోను, లండన్ యూనివర్సిటీ కాలేజీలోను పనిచేశాడు.

ప్రకృతివరణం వల్ల జీవజాతులు మారుతాయని డార్విన్ చెప్పాడు. అయితే ఆ మార్పు ఎంత వేగంగా జరుగుతుంది? దీనికి హాల్డేన్ 1924 నుంచి వరుస వ్యాసాలలో గణిత సూత్రాలను రూపొందించాడు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇంగ్లండులోని మాంచెస్టర్ ప్రాంతంలో ఒక రకం చిమ్మటలు తెల్లగా, నల్లచుక్కలతో ఉండేవి. ఫ్యాక్టరీల పొగతో చెట్లకు మసి పట్టింది. 1848 నాటికి అరుదుగా ఉన్న నల్లచిమ్మటలు ఆ శతాబ్దం ముగిసేసరికి దాదాపు అంతటా వ్యాపించాయి. ఇంత త్వరగా ఈ మార్పు రావాలంటే నల్లవి తెల్లవాటికంటే సుమారు 50 శాతం ఎక్కువ సంతానాన్ని మిగల్చి ఉండాలని హాల్డేన్ లెక్కగట్టాడు. వరణబలం అంత ఎక్కువగా ఉంటుందని అప్పటివరకు ఎవరూ అనుకోలేదు. 1950లలో క్షేత్ర ప్రయోగాలు ఈ అంచనాకు బలం చేకూర్చాయి.

ఫిషర్, సీవాల్ రైట్‌లతోపాటు హాల్డేన్‌ను జనాభా జన్యుశాస్త్ర నిర్మాతగా గుర్తిస్తారు. కొన్ని వంశపారంపర్య రక్తవ్యాధులు మలేరియా ఉన్న ప్రాంతాలలో నిలిచి ఉండటానికి, ఆ జన్యువు మలేరియానుంచి రక్షణ ఇవ్వడమే కారణం కావచ్చని 1949లో ఆయన సూచించాడు. సికిల్‌సెల్ వ్యాధిపై తరవాత జరిగిన పరిశోధనలు ఈ ఆలోచన సరైన దారిలోనే ఉందని చూపాయి.

అయితే ఆయన జీవితంలో విమర్శకు గురైన ఘట్టమూ ఉంది. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చి, శాస్త్రజ్ఞులపై వేధింపులు జరిగినప్పుడు హాల్డేన్ గట్టిగా ఖండించలేదు. ఆ తరవాత పార్టీకి దూరమయ్యాడు. గొప్ప శాస్త్రవేత్త కూడా తన అభిమానాలను సాక్ష్యంతో పరీక్షించుకోవలసిందేనని ఈ ఘట్టం మనకు తెలుపుతుంది.

భారతదేశానికి రాక

1956లో సూయజ్ కాలువ విషయంలో బ్రిటన్ చేసిన దాడిని హాల్డేన్ నిరసించాడు. 1957లో భార్య, జీవశాస్త్రవేత్త హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. భారతీయ దుస్తులు ధరించాడు, శాకాహారి అయ్యాడు, భారత పౌరసత్వం తీసుకున్నాడు.

ఇక్కడ ఆయన ముందున్న సమస్య చిన్నది కాదు. పేద దేశంలోని యువ శాస్త్రజ్ఞులు విదేశీ యంత్రాలకోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా? అక్కరలేదని ఆయన అభిప్రాయం. ప్రాణులను చంపకుండా, హింసించకుండా, వాటిని ఉన్నచోటనే గమనించి, లెక్కపెట్టి, ఆ లెక్కలను గణాంకశాస్త్రంతో పరీక్షించాలని శిష్యులకు నేర్పాడు. కావలసినవి కాగితం, పెన్సిలు, ఓర్పు.

ఫలితాలు ఎలా వచ్చాయో చూడండి. ఎస్.కె. రాయ్ పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. ఒకే చెట్టు పూలలో కూడా రేకుల సంఖ్య ఒకటిగా ఉండదు. ఆ తేడానే కొలవవచ్చునని తేలింది. కొన్ని వరి రకాలను విడివిడిగా కాక కలిపి పండిస్తే దిగుబడి పెరుగుతుందని కూడా ఆయన గమనించాడు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకులు కొన్నింటిలో ఎడమకు, కొన్నింటిలో కుడికి తిరిగి ఉండటాన్ని లెక్కించాడు. ఈ లక్షణం తల్లిచెట్టు నుంచి మొక్కకు సంక్రమించదని, ఎడమ తిరుగుడు చెట్లు ఎక్కువ కాయలు కాస్తాయని కనుగొన్నాడు.

పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు లాంటానా పూలపై వాలే సీతాకోకచిలుకలను గమనించాడు. కొన్ని జాతులు ఒక రంగు పూలనే ఎక్కువగా ఎంచుకున్నాయి. అలాగైతే రెండు రంగుల మొక్కల మధ్య పుప్పొడి మార్పిడి తగ్గుతుంది. ఒకే చోట పెరుగుతూనే అవి క్రమంగా వేరు జాతులుగా విడిపోయే అవకాశం ఉంది. ఈ పరిశీలన 1960లో ప్రచురితమైంది. ఆయన ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు, మేనమామ–మేనకోడలు వివాహాలపైన కూడా పి. మీరాఖాన్‌తో కలిసి అధ్యయనం చేశాడు. మగవారి చెవి అంచున వెంట్రుకలు తండ్రినుంచి కొడుకుకు వస్తాయన్న భావనను కూడా పరిశీలించాడు. ఈ లక్షణం వై క్రోమోజోమ్‌కు చెందినదన్న నిర్ణయాన్ని తరవాతి డీఎన్ఏ పరిశోధనలు సమర్థించలేదు. శాస్త్రంలో ఏ ఫలితమూ పునఃపరీక్షకు అతీతం కాదు.

చివరి రోజులు

నిర్వాహకులతో అభిప్రాయభేదాలు రావడంతో హాల్డేన్ 1961లో ఇన్‌స్టిట్యూట్‌ను విడిచాడు. 1962లో ఒడిశా ప్రభుత్వ ఆహ్వానంపై భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పాడు. క్యాన్సర్ సోకినా పని మానలేదు. 1964 డిసెంబరు 1న అక్కడే మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల బోధనకోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. తన శరీరాన్ని జీవితమంతా ప్రయోగాలకు వినియోగించిన ఆయన, మరణానంతరం కూడా దానిని విజ్ఞానానికే వదిలివెళ్లాడు.

మీరు చేసి చూడండి

లాంటానాను కొన్ని ప్రాంతాల్లో తలంబ్రాల మొక్క అంటారు. మీ ఇంటి దగ్గర, సువర్ణరేఖ గట్టున లేదా దల్మా కొండల దిగువన రెండు రంగుల పూల మొక్కలున్న చోటు ఎంచుకోండి. రోజూ ఒకే సమయంలో అరగంటసేపు, ఏ రంగు పూలపై ఏ సీతాకోకచిలుక ఎన్నిసార్లు వాలిందో పట్టికలో రాయండి. పదిరోజుల తరవాత లెక్కలు పోల్చండి. ఒక్కరోజు లెక్కతో నిర్ణయానికి రాకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గనిలోని సంఘటన ద్వారా హాల్డేన్ ఏమి తెలుసుకున్నాడు?
2. నల్లచిమ్మటల విషయంలో ఆయన లెక్క ఎందుకు ముఖ్యమైనది?
3. సీతాకోకచిలుకల రంగు ఎంపికకు, కొత్త జాతి ఏర్పడటానికి గల సంబంధం ఏమిటి?
4. పరిశోధనకు పరికరాలు ముఖ్యమా, పద్ధతి ముఖ్యమా? పాఠం ఆధారంగా పది వాక్యాలలో చర్చించండి.