రేడియోకు మార్గదర్శి జాన్ రీత్

ఇంటిలో గూర్చుండి గొప్ప విద్వాంసుల సంగీతమును, నాటకములను, పండితుల ప్రసంగములను వినగలుగుట మనకు వింతగా దోపదు. కాని యీ భాగ్యము సామాన్యులకు దానంతట నదియే లభించినది కాదు. దానికై పాటుపడినవారిలో జాన్ రీత్ అగ్రగణ్యుడు.

ఇతడు 1889వ సంవత్సరము జూలై 20వ తేదీన స్కాట్లండు దేశమందలి స్టోన్‌హేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రి గ్లాస్గో నగరమున సంఘ బోధకుడు. ఆయన కుమారుని విశ్వవిద్యాలయమునకు బంపక, పనినేర్చుకొనుటకై రైలుయింజనుల కర్మాగారమున జేర్చెను. మొదటి ప్రపంచ సంగ్రామమున, 1915లో, ఫ్రాన్సునందు శత్రువుల తుపాకిగుండు రీత్ చెంపను చీల్చెను. ఆ మచ్చ యతని ముఖమున గడపటివరకు నిలిచియుండెను.

1922 డిసెంబరులో రీత్ క్రొత్తగా నేర్పడిన బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీకి కార్యనిర్వాహకుడుగా నియమింపబడెను. రేడియో ప్రసారమన నేమో యతనికి అంతకుముందు తెలియదు. ఆ కంపెనీని స్థాపించినవారు రేడియో యంత్రములను జేసి యమ్ము వర్తకులు. కాలక్షేపము దొరకిన జనులు యంత్రములను గొందురు. రీత్ యంతటితో దృప్తి నొందక, వినోదముతోబాటు విద్యను, విషయజ్ఞానమును గూడ ప్రతి గృహమునకు జేర్పవలెనని నిశ్చయించెను. కోరినదే యిచ్చుట సులభము. ఎన్నడును రుచి చూడనిదానిని జనులెట్లు కోరగలరని యతని తలంపు.

1923లోనే షేక్స్‌పియరు నాటకము ప్రసారమయ్యెను. సంగీతమును గూర్చి పెర్సీ షోల్స్, నాటకములను గూర్చి ఆర్చిబాల్డ్ హాడన్ శ్రోతలకు వివరింపసాగిరి. 1924 జనవరిలో రేడియో కొరకే వ్రాయబడిన నాటకమొకటి వినిపింపబడెను. బొగ్గుగనిలో దీపములారి చీకటిలో జిక్కినవారి కథ యది. పాత్రలకు గాని శ్రోతలకు గాని యేమియు గనబడదు. ఆ యేటనే పాఠశాలలకు ప్రసంగము లారంభమయ్యెను. 1927లో కంపెనీ పోయి ప్రజాసంస్థ యేర్పడెను. లండనులో బ్రతిసంవత్సరము జరుగు ప్రామెనేడ్ సంగీతసభలు ఆగిపోవు స్థితి రాగా, ఆ సంస్థయే వానిని నిలబెట్టెను. 1930లో దానికి స్వంత వాద్యబృందము గూడ నేర్పడెను.

రీత్‌లో లోపములు లేకపోలేదు. ముంగోపి, తన మాటయే చెల్లవలెననువాడు. ఆదివారములందు భక్తిప్రసంగములను, గంభీరసంగీతమును మాత్రమే వినిపింపజేయగా, ననేకులు విసుగుచెంది పరదేశపు స్టేషన్లను వినసాగిరి. మంచిదైనను బలవంతముగా నిచ్చిన రుచింపదని దీనివలన దెలియుచున్నది.

అతని సంస్థనుండియే లయొనెల్ ఫీల్డెన్ 1935లో మనదేశమునకు వచ్చెను. 1936లో ఆలిండియా రేడియో అను పేరు వెలసెను. 1938 జూన్ 16వ తేదీన మదరాసు కేంద్రము ప్రారంభమై, తెలుగు పాటయు మాటయు గాలిలో దేలివచ్చెను. ఆ సంవత్సరమే రీత్ తన పదవిని వీడెను. 1971 జూన్ 16వ తేదీన ఎడింబరోలో గాలధర్మము నొందెను.

విద్యార్థులారా! మీట త్రిప్పిన వినోదము లెన్నియో మన చెవిని బడును. వానిలో మనసును బెంచునది యేది, కాలమును హరించునది యేది యని యెంచుకొను భారము నేడు మనదే. రీత్ తన శ్రోతలకై యెంచెను. మనకై మనమే యెంచుకొనుట నేర్వవలెను.