పియో దెల్ రియో ఓర్తేగా

పియో దెల్ రియో ఓర్తేగా (మే 5, 1882 - జూన్ 1, 1945) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ నాడీ శాస్త్రజ్ఞుడు. మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాలలో మైక్రోగ్లియా, ఆలిగోడెండ్రోగ్లియా అనే రెండు రకాలను స్పష్టంగా వేరుచేసి చూపాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఈ పరిశోధనలు పునాది అయ్యాయి.

బాల్యము, విద్య

ఇతడు వల్లడోలిడ్ ప్రాంతంలోని పోర్తీయోలో జన్మించాడు. 1905లో వైద్యపట్టా పొంది, కొంతకాలం స్వగ్రామంలో వైద్యుడిగా పనిచేశాడు. తరువాత పరిశోధనపై ఆసక్తితో మాడ్రిడ్ చేరి, నికొలాస్ అచుకార్రో వద్ద కణజాలాలకు రంగు అద్దే పద్ధతులను నేర్చుకున్నాడు.

పరిశోధనలు

నోబెల్ బహుమతి గ్రహీత రామోన్ ఇ కహాల్ మెదడులో నాడీకణాలు, ఆస్ట్రోసైట్లు కాక మూడవ రకం కణాలు ఉన్నాయని గుర్తించాడు. కాని అతని రంగులతో వాటి శాఖలు కనబడలేదు. ఓర్తేగా 1918లో సిల్వర్ కార్బొనేట్ పద్ధతిని రూపొందించి ఆ లోపాన్ని తీర్చాడు. ఆ మూడవ రకంలో నిజానికి రెండు వేర్వేరు కణాలు ఉన్నాయని తేలింది. 1919లో మైక్రోగ్లియాను, 1921లో ఆలిగోడెండ్రోగ్లియాను వర్ణించాడు. మెదడుకు గాయమైనప్పుడు మైక్రోగ్లియా శాఖలను ముడుచుకొని, గుండ్రంగా మారి, శిథిలాలను మింగివేస్తుందని తెలిపాడు. ఇవి మెదడు బయట పుట్టి, పిండదశలో లోపలికి వలస వస్తాయని కూడా ప్రతిపాదించాడు.

ఈ కాలంలోనే కహాల్‌తో విభేదాలు ముదరగా, 1920లో అతని ప్రయోగశాల నుండి బహిష్కరింపబడ్డాడు. అయినను మరొక చోట పని కొనసాగించాడు. 1924లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఈ పద్ధతులు నేర్చుకొనుటకు మాడ్రిడ్ వచ్చాడు.

ప్రవాసము, మరణము

1936లో అంతర్యుద్ధం మొదలవడంతో స్వదేశం విడిచి పారిస్, ఆక్స్‌ఫర్డ్‌లలో పనిచేశాడు. 1940లో అర్జెంటీనా చేరాడు. 1945లో బ్యూనస్ ఎయిర్స్‌లో క్యాన్సర్‌తో మరణించాడు. నోబెల్ బహుమతికి ప్రతిపాదింపబడినా అది ఇతనికి దక్కలేదు.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో సంబంధం

నాడీతంతువులను కప్పి ఉంచే మయలిన్ తొడుగును మెదడులోను, వెన్నుపాములోను ఆలిగోడెండ్రోసైట్లే తయారుచేస్తాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దేహ రక్షణవ్యవస్థ ఈ తొడుగుపైనే దాడిచేస్తుంది. అప్పుడు ఉత్తేజితమైన మైక్రోగ్లియా ఒకవైపు మయలిన్ శిథిలాలను తొలగిస్తూ, మరొకవైపు శోథను పెంచే రసాయనాలను విడుదల చేస్తుంది. ఆ రసాయనాలు ఆస్ట్రోసైట్లను హానికర రూపంలోకి మార్చగలవని 2017లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. అటువంటి ఆస్ట్రోసైట్లు నాడీకణాలను, ఆలిగోడెండ్రోసైట్లను చంపగలవు. అంటే ఆసరా కణాలే వ్యాధి సాగడానికి కూడా కారణమవుతున్నాయి.

మైక్రోగ్లియా పిండపు సొనసంచిలోని కణాల నుండి పుడుతుందని 2010లో ఎలుకలలో నిరూపితమైంది. ఈ విధంగా ఓర్తేగా వలస సిద్ధాంతానికి సుమారు తొంభై ఏళ్ళ తరువాత బలం చేకూరింది.