నది అడుగున తీగ వేసిన డాక్టరుగారు

మా నూజివీడు మామిడి తోటల్లో బోరు మోటారు కాలిపోతే ముందు చూసేది కేబుల్ జాయింటునే. అందులోకి నీరు దిగితే అంతే సంగతులు.

ఆ నీటితో 1839లోనే తలపడ్డారు విలియం బ్రూక్ ఓషానెస్సీ. 1809లో ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టారు. చదివింది వైద్యం. కలరా రోగి రక్తంలో నీరు, ఉప్పు తగ్గిపోతాయని 1831లో తేల్చింది ఆయనే. కలకత్తాలో, తారు పట్టించిన నూలు, చీల్చిన పేము చుట్టి హుగ్లీ నది అడుగున తీగ వేసి సంకేతాలు పంపారు. కంపెనీ ప్రభుత్వం పట్టించుకోలేదు. ఇంగ్లిషు ఛానల్లో తొలి కేబుల్ పడింది 1850లో! మరుసటి ఏడు కలకత్తా–డైమండ్ హార్బర్ లైను ఆయన చేతుల మీదుగానే వచ్చింది. తర్వాత దేశమంతటా తీగలు వేయించారు. 1889లో కన్నుమూశారు.

ఇంజనీరునైన నాకు ఆయన పేరు యాభై దాటాకే తెలిసింది. మన బడి పిల్లలకి ముందే తెలియాలి.