బసవేశ్వరుని భోజనపంక్తి

మడకశిర సీమ మూడు దిక్కుల కర్ణాటకముచే చుట్టబడిన మెట్టభూమి. వానలు తక్కువ. రాగియు వేరుశనగయు ఇచ్చటి ముఖ్యమైన పంటలు. ఈ పల్లెలలో లింగవంతుల యింటను, గొఱ్ఱెలు కాచుకొను కురుబల యింటను, మాదిగల యింటను పొయ్యిమీద ఉడుకునది ఒకే రాగిముద్ద. ముద్దకు తోడుగా గిన్నెలో నుండునదే వేఱు. ఒక యింట అనపగింజల పులుసు. మఱియొక యింట జాతరనాడు కోసిన పొట్టేటి కూర. ఎవరి యింట మంచినీరు పుచ్చుకొనవచ్చును, ఎవరితో వియ్యమందవచ్చును అను లెక్కలన్నియు ఆ గిన్నెను బట్టియే తరతరములుగా సాగుచు వచ్చినవి. మాంసము ముట్టకుండుట లింగవంతులకు ధర్మము; గర్వకారణము కూడ. అయితే ఈ మార్గమునకు మూలపురుషుడైన బసవేశ్వరుడు ఏమి తినెను, ఎవరి సరసను కూర్చుండి తినెను, ఏ తిండి విషయమున తానే తలవంచెను అని విచారించిన యెడల, ధర్మము ఆయనదేయని తేలును గాని గర్వము ఆయనది కాదని తేలును.

బసవేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున, నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడి అగ్రహారమున మాదిరాజు, మాదాంబ దంపతులకు శైవబ్రాహ్మణ గృహమున జన్మించెను. శాకాహారము ఆయనకు పుట్టినింటి ఆచారముగా వచ్చినదే. దానికై ఆయన పడిన శ్రమ యేమియు లేదు. ఎనిమిదవ యేట ఉపనయనము తలపెట్టగా ఆ బాలుడు ఒప్పుకొనలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. తరువాత అక్క నాగమాంబతో ఇల్లు విడిచి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమునకు చేరెను. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆయన పుట్టినింటి నుండి వదలిపెట్టి వచ్చినది అన్నమును గాదు, పంక్తిని. జందెము వేసికొన్నవాడు మాత్రమే కూర్చుండదగిన ఆ వరుసలో ఆయన కూర్చుండ నొల్లడయ్యెను. తిండి మారలేదు, తోడివారు మారిరి.

సంగమమున విద్యాభ్యాసము ముగిసిన పిమ్మట మేనమామ బలదేవ దండనాయకుని కుమార్తె గంగాంబను పెండ్లాడి, కలచురి బిజ్జలుని కొలువున గణకుడుగా ప్రవేశించి, క్రమముగా భాండాగారమునకు అధికారి యయ్యెను. బిజ్జలుడు చాళుక్యుల సింహాసనమును ఆక్రమించి కల్యాణకటకమును ఏలిన దినములవి. కొలువులోని వృద్ధిక్షయముల కథ అందఱికిని తెలిసినదే గావున దానిని విస్తరింప నక్కఱలేదు. రాజు భాండారము ఒక యెత్తు, ఆయన యింటి వంటశాల ఒక యెత్తు. మహామనె అని పిలువబడిన ఆ గృహమున వచ్చిన జంగమునకు, భక్తునకు లేదనక వడ్డన జరిగెడిది. పంక్తిలో కూర్చుండినవాని కులమడుగు ఆచారము ఆ యింట లేదు.

ఆయన పేర నేడు సుమారు 1400 వచనములు లభించుచున్నవి. వానిలో ఆహారవిషయమును నేరుగా స్పృశించునవి తక్కువ. కాని ఆ కొన్నియు మఱపునకు రానివి. పండుగనాడు మ్రొక్కుబడిగా తెచ్చి కట్టిన గొఱ్ఱె, తన చావు తెలియక, ఆ పండుగ తోరణమునకు తెచ్చిన చిగురుటాకులనే మేయుచున్న దృశ్యమును ఆయన చూపెను. యజ్ఞమునకు కొనిపోబడు మేకపోతునకు మఱియొకచోట తోడుగా నిలిచి, దాని పక్షమున వాదించెను. ఈ వచనములలో మాంసము అపవిత్రమను మాట ముందు రాదు. ఆ జీవముపై జాలి ముందు వచ్చును. వధించుచేయి పామరునిదైనను పండితునిదైనను ఆయనకు భేదము లేదు. గ్రామదేవత యెదుట కత్తి యెత్తినవానినే గాక, మంత్రము చదివి పశువును చంపించిన శ్రోత్రియుని గూడ ఆయన అదే ప్రశ్న యడిగెను. దయయే ధర్మమునకు వేరని ఆయన తలంపు. శాకాహారమునకు ఆయన వేసిన పునాది యిదియే.

రెండవ ఆధారము ప్రసాదము. మెడలో ఇష్టలింగము ధరించినవాడు తాను తినునది యెల్ల ముందు లింగమునకు అర్పింపవలెను, అర్పింపరానిది తినరాదు. అట్లే కాయకమువలన సంపాదింపనిది, ఇతరులకు పంచిపెట్టనిది కూడ అర్పణమునకు తగదని శరణులు నమ్మిరి. ఈ కొలబద్దతో చూచిన యెడల, పప్పును కూరగాయలును మాత్రమే వండుకొన్నను, వడ్డీలతో పేదవాని కడుపుకొట్టి తెచ్చిన బియ్యమైనచో అది శుద్ధమైన భోజనము కాదు. మన యిండ్లలో మొదటి నియమము గట్టిగానే నిలిచినది. రెండవదాని మాట చెప్పుకొనుట తక్కువ.

పాలవిషయమున కూడ ఒక కథ వాడుకలో నున్నది. ఒక రాత్రి దొంగలు బసవేశ్వరుని కొట్టము నుండి ఆవులను తోలుకొనిపోయిరి. ఇంటివారు కేకలు వేయబోగా ఆయన వారించి, దూడలు కొట్టములోనే యున్నవి, తల్లులు లేక అలమటించును గాన వానిని గూడ దొంగల వెంట పంపుడని చెప్పెనట. ఇటీవల పాలు, పెరుగు, నేయి సైతము జంతువునకు హింసయేయని విడిచిపెట్టువారు దేశవిదేశములలో కనుపించుచున్నారు. ఆ నియమము శరణుల పద్ధతి కాదు. శివునకు పాలు త్రాగించిన గొడగూచి కథను చదివి మురియు భక్తులకు అది క్రొత్తగానే తోచును. అయినను పాలు ముందు దూడవి, పిమ్మటనే మనవి అను తలంపు ఆ కొట్టము కథలో లేకపోలేదు. నేడు పట్టణములలో అమ్ముడుపోవు పాల వెనుక దూడ యేమైనదో విచారించు కుఱ్ఱవారిని చూచి నవ్వుటకు మునుపు ఈ కథను తలచుకొనుట మంచిది.

కల్యాణమున కిన్నర వాయించి శివుని కొలిచిన బ్రహ్మయ్య యను శరణుడుండెను. కిన్నర బ్రహ్మయ్య యని ఆయనకు పేరు. వధకై కొనిపోబడుచున్న ఒక జీవము ఆయన శరణు జొచ్చెననియు, ఆయన దానికి బదులుగా పైడి నిచ్చి ప్రాణము నిలిపెననియు, దానివలన పుట్టిన కలహము బిజ్జలుని సభదాక పోయెననియు కథ కలదు. మన సీమలో గొఱ్ఱెను, మేకను కలిపి జీవములని పిలుచుట అలవాటు. ఆ పేరు పెట్టినవారే వానిని సంతలో తూచి అమ్ముదురు. మాటలో నున్న జాలి చేతికి రాకపోవుట క్రొత్త సంగతి కాదు.

ఈ బ్రహ్మయ్యకును బసవేశ్వరునకును ఒకనాడు నీరుల్లిపై పేచీ వచ్చినది. భక్తుల భోజనమునకై బ్రహ్మయ్య నీరుల్లిని సిద్ధపరచుకొనుచుండగా బసవేశ్వరుడు దాని కంపును ఏవగించుకొనెను. పుట్టినింటి అలవాటు నాలుక చివర నిలిచియుండెను గాబోలు. భక్తుడు లింగమునకు అర్పింపదలచిన పదార్థమును హీనముగా చూచుట భక్తుని హీనముగా చూచుటయేయని బ్రహ్మయ్య నొచ్చుకొని వెడలిపోయెను. బసవేశ్వరుడు తన తప్పు తెలిసికొని ఊరకుండలేదు. నీరుల్లిని తెప్పించి దానికే పండుగ చేసి, ఊరేగించి, బ్రహ్మయ్యను ప్రసన్నుని చేసికొనెను. రాజుయొక్క భాండారము చేతిలో నున్న మంత్రి, సంతలో గంపల కొలది దొరకు ఉల్లిగడ్డ యెదుట వంగిన కథ యిది. తన వంట శుద్ధమైనదని తలచి పొరుగువాని వంటను చూచి ముక్కు మూసికొను ప్రతి గృహస్థునకును శరణులు ఈ కథను ముందుగానే చెప్పియుంచిరి. విచిత్రమేమనగా, ఉల్లి ముట్టమని చెప్పుకొను కుటుంబములు మనలో నేటికిని కొన్ని కలవు.

ఉల్లితోనే సరిపోయిన బాగుండెడిది. సోమనాథుడు బసవపురాణమున పురాతన భక్తుల కథలను కూర్చునప్పుడు కన్నప్పను విడువలేదు. శ్రీకాళహస్తి శివునకు తాను రుచి చూచిన మాంసమును పెట్టిన వేటగాడు కన్నప్ప. శాకాహారులైన లింగవంతులు ఆయన పేరు చెప్పినంతనే చేతులు జోడింతురు. ఆయన పెట్టిన నైవేద్యమును మాత్రము తమ యింట ఊహింపనైన ఊహింపరు. దీనిలో కపటము లేదు. కన్నప్ప తెచ్చినది ఆతనికి తెలిసిన మేలైన ఆహారము. శివుడు చూచినది తెచ్చినవాని మనస్సును. కాని కన్నప్పకు మ్రొక్కి, అదే అడవినుండి వచ్చిన వాని మనుమని గడపలోనికి రానీయకుండుట యెట్లు పొసగును? ఈ ప్రశ్నకు పురాణశ్రవణములలో సమాధానము చెప్పువారు అరుదు.

కన్నప్ప కథకు సరితూగు కథ మాదార చెన్నయ్యది. చోళరాజు ప్రతిదినము షడ్రసోపేతముగా నివేదించు భోజనమును ఒకనాడు శివుడు ముట్టలేదు. అంతకు మునుపే అంటరానివాడని లోకముచే తోయబడిన చెన్నయ్య యింట అంబలి త్రాగి తృప్తి చెందియుండెను. అంబలి యన నేమో మడకశిరవారికి వివరింప నక్కఱలేదు. ఎండకాలమున చేనికి పోవువాని కడుపును మధ్యాహ్నము వఱకు నిలబెట్టునది అదియే. బసవేశ్వరునకు ఈ చెన్నయ్యపై గల భక్తి ఇంతింత యనరాదు. బ్రాహ్మణ వంశమును చెప్పుకొనుట మాని, చెన్నయ్య యింటి దాసునకును, తోళ్లు శుద్ధిచేయు దోహర కక్కయ్య యింటి దాసికిని పుట్టిన బిడ్డగా తన్ను భావించుకొనెను. చంపుట, చెడునడత, ఇవి మనిషిని హీనుని చేయును గాని పుట్టుక చేయదని ఆయన బోధ. ఈ బోధ కత్తివంటిది. మాంసాహారిని నిందించుటకై దీనిని చేత పట్టుకొన్నవారు, కులమును కోయుటకై అది చేయబడినదని మఱచిరి.

ఆనాటి కల్యాణమున జైనులు సైతము మాంసము ముట్టనివారే. ఆహారనియమములో వారు శరణులకంటె కఠినులు. అయినను ఆ రెండు మతములకు పొత్తు కుదరలేదు. అబ్బలూరి శాసనమును, అచ్చటి గుడి శిల్పములును ఏకాంతద రామయ్య కాలపు కలహములకు సాక్ష్యములు. ఆకులో నున్నది ఒక్కటే యైనంత మాత్రమున మనుష్యులు ఒక్కటి కారు.

బసవేశ్వరుడు అంటరానివాడైన శివనాగుమయ్య యింట భుజించెనని బ్రాహ్మణులు బిజ్జలునకు ఫిర్యాదు చేసిరి. ఆ ఫిర్యాదులో ఏమి తినెనను ప్రశ్న లేదు. ఎవరి యింట తినెననునదే నేరము. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెకు వివాహము జరిగినప్పుడు ఆ కోపము పొంగిపొరలెను. పెండ్లిభోజనమున ఆ రెండు కుటుంబములు ఒక వరుసలో కూర్చుండెను గదా. రాజు ఆజ్ఞచే హరళయ్య మధువరసులు చంపబడిరి, కల్యాణము అల్లకల్లోలమయ్యెను. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము చెందెను. శరణులు వచనముల కట్టలతో నలుదెసలకు చెదరిపోయిరి.

ఆయన వెనుక వచ్చిన శతాబ్దములలో దయ ఆచారముగా గట్టిపడినది. ఆచారము గోడగా మారినది. గోడకు లోపల మంచియు జరిగినది: కఱవులు ముమ్మరమైన ఈ సీమలో ఎన్నో తరములవారు ఆకుకూరలతోను గింజలతోను బ్రతుకవచ్చునని చూపిరి. గుళ్లలో జంతుబలిని నిషేధించుచు 1950లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసినది. అప్పుడు మడకశిర ఆ రాష్ట్రములోనిదే. చట్టము పుస్తకములో నున్నది, జాతరలలో పొట్టేళ్లు తెగుచునే యున్నవి. ఇటు చదువులకై బెంగుళూరు చేరిన లింగవంతుల పిల్లలలో కొందఱు అచ్చట మాంసము రుచి చూచి, ఇంటికి వచ్చి దాచుచున్నారు. తల్లి కన్నీరు పెట్టుట, తండ్రి పలుకకుండుట, ఇంతలో మాట ముగియుచున్నది. తోరణపుటాకు మేసిన గొఱ్ఱె కథను ఆ పిల్లలకు ఎవరైనను చెప్పిరో లేదో. కులము పోవుననుటకంటె ఆ జీవము పోవుననుట వారి మనస్సునకు త్వరగా తాకును.

సరిహద్దు దాటి దక్షిణముగా పోయిన తుమకూరు చెంత సిద్ధగంగామఠము కలదు. 1941 నుండి ఆ మఠమును నడపిన శివకుమారస్వామివారు వేలకొలది పేదపిల్లలకు చదువుతోబాటు కూడు పెట్టిరి. పిల్లలలో సకల కులములవారు, ముసల్మానులు సైతము కలరు. వారిలో ఎందఱో తమ యిండ్లలో మాంసము తినువారే. అచ్చట ఎవరి యింటి గిన్నెను గూర్చియు ఎవరును అడుగరు. అందఱికి వడ్డింపబడునది శాకాహారమే, ముద్దయు పులుసును. 2019 జనవరి 21వ తేదీన స్వామివారు తమ 111 యేండ్ల వయస్సున లింగైక్యులైరి. పిల్లల మధ్యాహ్న భోజనము ముగిసిన పిదపనే ఆ వార్తను వెల్లడింపవలెనని వారు ముందుగానే చెప్పియుంచిరి. అట్లే పంక్తులన్నియు లేచిన పిమ్మట ప్రకటించిరి.