స్ఫటికాల గదిలోంచి పిల్లల బడికి — ఫ్రోబెల్ జీవితం

బి.ఎస్సీ.లో కెమిస్ట్రీ చదివిన మన మిత్రులందరికీ వైస్ ఇండెక్సులు, మిల్లర్ ఇండెక్సులు బాగా పరిచయం. పరీక్ష ముందురోజు రాత్రి కూర్చుని బట్టీపట్టే సంగతుల్లో అవీ ఉంటాయి. కానీ ఆ వైస్ ఎవరో, ఆయన దగ్గర ఎవరెవరు పనిచేశారో మనం పట్టించుకోం. క్రిస్టియన్ శామ్యూల్ వైస్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఖనిజశాస్త్ర ఆచార్యుడు. 1814లో ఆయన మ్యూజియంలో స్ఫటికాలను సర్దిపెట్టే సహాయకుడిగా చేరిన ముప్ఫై రెండేళ్ళ మనిషే ఫ్రెడరిక్ ఫ్రోబెల్. కిండర్ గార్టెన్ అనే మాటను లోకానికి ఇచ్చినవాడు. బి.ఎడ్. చదివేవాళ్ళు ఆయన్ని విద్యావేత్తగా చదువుతారు. సైన్సు విద్యార్థులు కూడా ఆయన్ని మనవాడని చెప్పుకోవచ్చునని నా అభిప్రాయం. చిన్నపిల్లలకు చేత్తో ఒక వస్తువును ఆలోచించి తయారుచేయడం నేర్పాలి, లెక్కలకూ సైన్సుకూ దారి అక్కడే ఉంది అని ఆయన బడి పెట్టి మరీ చూపించాడు.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలో తురింగియా అడవి ప్రాంతపు ఓబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. బిడ్డకు ఏడాదైనా నిండకముందే తల్లి పోయింది. సవతితల్లి ఆదరణ దక్కలేదు. పదేళ్ళ వయసులో మేనమామ తీసుకెళ్ళి చదివించాడు. పదిహేనేళ్ళకు ఒక అటవీ ఉద్యోగి దగ్గర పని నేర్చుకోవడానికి కుదిర్చారు. తర్వాత యేనా విశ్వవిద్యాలయంలో చేరాడుగానీ అప్పు తీర్చలేక తొమ్మిది వారాలు జైల్లో కూర్చున్నాడు. (హాస్టలు బకాయిల మిత్రులు ఈ సంగతి చదివి కొంచెం ధైర్యం తెచ్చుకోవచ్చు.) 1805లో ఆర్కిటెక్టు అవుదామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళితే, అక్కడ ఒక మాదిరి పాఠశాల నడుపుతున్న గ్రూనర్ ఆయన్ని చూసి నువ్వు పంతులుగా పనికొస్తావని బడిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత 1808 నుంచి రెండేళ్ళు స్విట్జర్లాండులో పెస్టలోజీ దగ్గర ఉన్నాడు. వస్తువును కళ్ళతో చూసి నేర్చుకోవాలన్నది పెస్టలోజీ పద్ధతి. చూస్తే చాలదు, చెయ్యాలి అన్నది ఫ్రోబెల్ దానికి కలిపిన మాట.

1813లో నెపోలియన్ మీద యుద్ధానికి వాలంటీరుగా వెళ్ళాడు. తిరిగొచ్చాక వైస్ దగ్గర ఉద్యోగం. ఆ రాళ్ళలో ఆయన చూసింది ఏమిటంటే, ప్రకృతి కూడా కొద్దిపాటి ఆకారాలనే తీసుకుని, వాటినే పేర్చి, కోసి, తిప్పి ఇన్ని రకాల వస్తువుల్ని కడుతున్నదని. మనకు పటం గీసి రెండు మార్కులు తెచ్చుకునే విషయం ఆయనకు జీవితమంతా సరిపోయింది.

1816లో స్టాక్‌హోంలో ఖనిజశాస్త్ర ఆచార్య పదవి రాబోతే వద్దనుకున్నాడు. అన్న క్రిస్టోఫ్ 1813లో సైనికులకు సేవ చేస్తూ టైఫస్ జ్వరం తగిలి చనిపోయాడు. ఆ వదినగారి ముగ్గురు పిల్లలూ, ఇంకో అన్నగారి ఇద్దరూ, మొత్తం ఐదుగురితో గ్రీస్‌హైం అనే పల్లెలో బడి మొదలుపెట్టాడు. మా ఇంట్లో నేనిలాంటి పని చేస్తానంటే మా నాన్న ఎడ్ల కొట్టంలోంచి పలుపుతాడు తెస్తాడు! మరుసటి ఏడు బడి కైల్‌హౌ పల్లెకు మారింది. అక్కడ తోటపని, చెక్కపని, కట్టడం ఇవన్నీ చదువులో భాగమే. 1826లో మానవ విద్య అనే గ్రంథం అచ్చువేశాడు. నిజం చెప్పాలంటే అది చదవడం కష్టం. బంతి గురించి చెప్తూ విశ్వైక్యం దాకా వెళ్ళిపోతాడు. ఆయన రాతకన్నా ఆయన చేసిన సామాను గొప్పది. ఈలోగా ఈ బడిలో తిరుగుబాటుదారులు తయారవుతున్నారని ప్రభుత్వాలకు అనుమానం వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి మెచ్చుకుని రిపోర్టు రాసినా, భయపడి తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించేశారు.

ఇక ఆ సామాను సంగతి. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో, యాభై అయిదేళ్ళ వయసులో, ఇంకా చిన్నపిల్లల కోసం ఆయన వరుసగా కొన్ని పెట్టెలు తయారుచేయించాడు. వాటిని కానుకలన్నాడు. మొదటిది ఆరు రంగుల ఊలు బంతులు. రెండోది చెక్కతో చేసిన గోళం, స్థూపం, ఘనం. ఘనాన్ని దారానికి వేలాడదీసి గిర్రున తిప్పితే కళ్ళకు స్థూపంలా కనబడుతుంది. మూడోది రెండంగుళాల ఘనం, ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోతుంది. నాలుగోదాంట్లో అదే ఘనం ఎనిమిది పలకలు. అయిదోదాంట్లో ఇరవై ఏడు ఘనాలుంటాయి; అందులో మూడు సగానికీ, మూడు నాలుగు భాగాలకీ కోసి ఉంటాయి కాబట్టి మొత్తం 39 ముక్కలు. మన లెక్చరర్లు ఎవరైనా లెక్క సరిచూడవచ్చు.

ఆడటానికి ఒక నియమం ఉంది. కట్టేటప్పుడు ఒక్క ముక్క కూడా మిగలకూడదు. కుర్చీ కట్టిన పిల్ల మంచం కట్టాలంటే కుర్చీని కూలదోయకూడదు. ఒక్కో ముక్కా జరుపుతూ దాన్నే మంచం చేయాలి. ఆఖరికి అన్నీ మళ్ళీ ఘనంగా పెట్టెలో సర్దాలి. ఇందులో మొదట ఇంట్లో చూసే వస్తువులు కడతారు, తర్వాత ముగ్గులాగా అందం కోసం పేరుస్తారు, ఆ తర్వాత అర్ధం, పావు, ఎనిమిదోవంతు తెలుసుకుంటారు. ఇంజనీరింగ్ కాలేజీలో డిజైన్ అని పెద్ద పేరు పెట్టి నేర్పేది ఇదే కదా? ఉన్నదాంతోనే, వృథా కాకుండా, కావలసింది కట్టడం.

కానుకలయ్యాక పనులు. కాగితం మడవడం, కాగితం పేడులతో చాప అల్లడం, బంకమట్టి, కుట్టుపని. నాకు అన్నిటికన్నా నచ్చింది బఠాణీల పని. నానబెట్టిన బఠాణీలకు సన్నని పుల్లలు గుచ్చి ఇళ్ళూ, ఘనాలూ, పిరమిడ్లూ చేయడం. బఠాణీ ఎండితే కీలు బిగుసుకుంటుంది. మా ఊళ్ళో జొన్నకోతలయ్యాక పిల్లలు బెండు ముక్కలకు దంటు పేళ్ళు గుచ్చి బండ్లూ, కళ్ళజోళ్ళూ చేస్తారే, అచ్చం అదే విద్య. తేడా ఏమిటంటే ఫ్రోబెల్ దాన్ని బడిలోకి పిలిచాడు. నేను చదివిన బడిలో బెండు బండి తెస్తే బయట పారేసి రమ్మనేవారు. కెమిస్ట్రీ లాబులో బాల్ అండ్ స్టిక్ మోడల్ చూసిన రోజున నాకు మొట్టమొదట ఆ బండే గుర్తొచ్చింది.

1840లో ఈ సంస్థకు కిండర్ గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. స్త్రీలకు తర్ఫీదిచ్చి టీచర్లను చేశాడు. అది ఆ రోజుల్లో సామాన్యమైన విషయం కాదు. అయితే 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం కిండర్ గార్టెన్లను నిషేధించింది. ఆయన అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాసిన ఒక కరపత్రాన్ని ఈయనకు అంటగట్టి, సోషలిజం, నాస్తికత్వం అని నేరం మోపారు. పాస్టరు కొడుకు, దేవుణ్ణి చెక్క బంతిలో కూడా చూసిన మనిషి నాస్తికుడట! పొరపాటు జరిగిందని అర్జీ పెట్టుకుంటే వినలేదు. 1852 జూన్ 21న, డెబ్బై నిండిన రెండు నెలలకు, మారియెంటాల్‌లో కన్నుమూశాడు. నిషేధం ఎత్తేసింది 1860లో.

నిషేధించిన వస్తువు అప్పటికే దేశాలు దాటింది. ఫిన్లాండులో ఊనో సిగ్నేయుస్ పెస్టలోజీనీ ఫ్రోబెల్‌నూ చదివి, చిన్నపిల్లలతో ఆగిపోయిన చేతిపనిని ప్రాథమిక పాఠశాలకు పొడిగించాడు. 1866లో అక్కడ అది పాఠ్యాంశమైంది. అమెరికాలో ఒక తల్లి 1876 ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్లో ఈ కానుకల్ని చూసి కొడుక్కి కొనిచ్చింది. ఆ కొడుకు తర్వాత ప్రసిద్ధ ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ అయ్యాడు. కొన్నిచోట్ల మాత్రం ఫ్రోబెల్ తర్వాతి టీచర్లు ఈ ఆటను డ్రిల్లు చేసి పాడుచేశారు. టీచరు చెప్పినట్టు అందరూ ఒకేసారి ఒకే ముక్క జరపాలన్నమాట.

మన దక్షిణాదికి కూడా ఒక కానుక చేరింది. 1893లో మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతో రేఖాగణితం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేశాడు. కిండర్ గార్టెన్ కాగితాల పెట్టె చూసే తనకీ ఆలోచన వచ్చిందని అందులో చెప్పుకున్నాడు. దాన్ని జర్మనీలో ఫెలిక్స్ క్లైన్ అనే మహాగణితవేత్త మెచ్చుకుంటే, తర్వాత అమెరికాలో కూడా అచ్చయింది. చతురస్రాకారపు కాగితం ముక్క ఒక్కటి ఉంటే చాలు. స్కేలూ కంపాసూ లేకుండా సమబాహు త్రిభుజం, పంచభుజి మడవడం ఎలాగో అందులో ఉంది.