ఫిరంగి బిడ్డ

ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు నల్లబల్ల మీద నైలు నది గీసేవారు. కిందినుంచి పైకి పారే నదిని చూడటం మాకు వింతగా ఉండేది. అడుగున రెండు సరస్సులు గీసి, ఒకదాని మీద విక్టోరియా, రెండోదాని మీద ఆల్బర్ట్ అని రాసేవారు. ఆల్బర్ట్ సరస్సును చూసిన మొదటి యూరోపియన్ ఎవరన్నది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. శామ్యూల్ బేకర్ అని రాసి ఆ మార్కు తెచ్చుకున్నాను. ఆయన పంతొమ్మిదేళ్లకే తన తుపాకీ తానే లెక్కగట్టి చేయించుకున్న వేటగాడని మాస్టారు ఒక్క మాట చెప్పి మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయారు. ఆ మాట నాకు అలాగే గుర్తుండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత బేకర్ పుస్తకాలు చేతికి దొరికినప్పుడు మొదట వెతికింది ఆ తుపాకీ కోసమే. మన జూబిలీ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, ఆనాటి ఒక మార్కు ప్రశ్నకు ఈసారి పూర్తి జవాబు రాయాలనిపించింది.

బేకర్ 1821 జూన్ 8న లండన్‌లో పుట్టారు. కలిగిన వ్యాపార కుటుంబం, మారిషస్‌లో చెరకు తోటలు. చదువు మీద కన్నా తుపాకుల మీద ధ్యాస ఎక్కువ. ఆ రోజుల్లో రైఫిల్ అంటే కొద్దిపాటి మందు వేసి లేళ్లను కొట్టే ఆయుధం. ఏనుగు లాంటి జంతువుకు అది చాలదని ఆయన లెక్క. అప్పటి తుపాకీ మందుతో తూటా వేగాన్ని ఒక హద్దు దాటించడం కుదరదు. వేగం పెరగకపోతే తూటా బరువు పెంచాలి. బరువైన తూటాకు మందు ఎక్కువ కావాలి. మందు ఎక్కువైతే గొట్టం మందంగా ఉండాలి, భుజం మీద తన్ను తగ్గాలంటే తుపాకీ మొత్తం బరువుగా ఉండాలి. ఇలా ఒకదాన్నిబట్టి ఒకటి కట్టుకుంటూ వచ్చి, 1840లో బ్రిస్టల్ నగరంలోని గిబ్స్ అనే తయారీదారు చేత తన రైఫిల్ చేయించుకున్నారు.

దాని బరువు 21 పౌండ్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు. గొట్టం పొడవు 36 అంగుళాలు. లోపల రెండే రెండు గాడులు. ఆ గాడుల్లో సరిగ్గా ఇమిడేలా గుండు చుట్టూ నడుంపట్టీ లాంటి అంచు. గుండ్రటి సీసపు గుండు 3 ఔన్సులు, మొన ఉన్నదైతే 4 ఔన్సులు. ఒక్కో పేలుడుకు 16 డ్రాముల మందు, దాదాపు 28 గ్రాములు. గుండు, మందు అన్నీ గొట్టం మూతిలోంచే దట్టించాలి. మెత్తటి సీసం ఏనుగు ఎముకకు తగిలి అప్పచ్చి కాకుండా, దాన్ని పాదరసం కలిపి గట్టిపరచడం కూడా ఆయన నేర్చుకున్నారు.

ఆ తుపాకీ తీసుకుని 1846లో సింహళానికి వెళ్లారు. జ్వరపడి, కోలుకోవడానికి 6,000 అడుగుల పైనున్న నువరెలియా కొండకు వెళ్లి, ఆ గాలికి ముగ్ధులై, 1848లో కుటుంబంతో, పనివాళ్లతో, పశువులతో వచ్చి అక్కడ ఇంగ్లీషు పల్లె ఒకటి కట్టడానికి పూనుకున్నారు. మిగతా సమయమంతా వేట. పంటలు పాడుచేస్తున్నాయని ఏనుగును చంపినవారికి ప్రభుత్వమే బహుమానం ఇచ్చిన కాలం అది. ఆ వేటల గురించి 1854లో అచ్చయిన ఆయన పుస్తకాన్ని నేను సంతోషంగా చదవలేకపోయాను. గుండు ఎక్కడ తగిలింది, ఎంత లోతు దిగింది అన్నది చాలా శ్రద్ధగా రాశారు. పడిపోయిన జంతువు గురించి మాత్రం అంత ఆలోచించినట్టు కనిపించదు. ఈ మాట దాచి ఆయన కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

1855లో ఆయన భార్య హెన్రియెట్టా చనిపోయారు. నలుగురు ఆడపిల్లలను చెల్లెలికి అప్పగించి దేశాలు పట్టి తిరిగారు. 1859లో, పంజాబ్ చివరి మహారాజు దులీప్ సింగ్‌తో కలిసి డాన్యూబ్ నది మీద వెళుతూ, విదిన్ అనే ఊళ్లో బానిసల అమ్మకం చూశారు. అక్కడ అమ్మకానికి పెట్టిన ట్రాన్సిల్వేనియా అమ్మాయిని తనతో తీసుకొచ్చేశారు. ఆమే ఫ్లోరెన్స్. తర్వాతి ప్రయాణాలన్నిటిలో ఆయన పక్కన నడిచిన మనిషి.

1861లో ఇద్దరూ నైలు మూలం వెతకడానికి కైరో నుంచి బయల్దేరారు. ఈసారి బేకర్ లండన్‌లోని హాలండ్ కంపెనీ చేత ఇంకో తుపాకీ చేయించారు. అది అరపౌండు బరువుండి లోపల పేలే గుండును విసిరేది. తాను దానికి పెట్టిన ముద్దుపేరు బేబీ. అరబ్బు పనివాళ్లు దాన్ని ఫిరంగి బిడ్డ అన్నారు. బేకర్ బలిష్ఠుడు. అయినా అది పేలితే నిలుచున్నచోటే గిర్రున తిరిగిపోయేవారు. దాన్ని భుజానికి ఎత్తాలంటే తనకే జంకని ఒప్పుకున్నారు. కాల్చినప్పుడల్లా వేట పడింది, కాని కాల్చింది చాలా తక్కువసార్లు. మోయగలిగినంత బలం వేరు, వాడగలిగినంత బలం వేరని ఆ తుపాకీ ఆయనకు నేర్పింది.

ఇంకో పాఠం అబిస్సీనియా సరిహద్దులో హమ్రాన్ అరబ్బులు నేర్పారు. వాళ్లు ఏనుగును కత్తితో వేటాడేవారు. ముగ్గురు నలుగురు గుర్రాల మీద వెళతారు. ఒకడు ఏనుగు ఎదురుగా నిలిచి దాన్ని రెచ్చగొట్టి, తొండానికి అందీ అందనంత దూరంలో గుర్రాన్ని పరిగెత్తిస్తాడు. ఏనుగు దృష్టంతా వాడి మీదే ఉండగా ఇంకొకడు వెనకనుంచి వచ్చి, గుర్రం దిగి, మడమ పైన నరాన్ని రెండు చేతులతో ఒక్క వేటున తెగ్గొడతాడు. ఎదురు నిలిచే పని చేసే రోదర్ షెరీఫ్‌కు ఒక చెయ్యి ఎండిపోయి ఉండేది, అదీ ఏనుగు చేసిన గాయమే. తూకం వేసి మందు పోసుకునే బేకర్ ఆ మనుషుల ధైర్యాన్ని ఎంత మెచ్చుకున్నారో ఆ పేజీలు చదివితే తెలుస్తుంది. తన బరువైన తుపాకుల కన్నా వాళ్ల కత్తిని ఆయన పైమెట్టున పెట్టారు.

ఎడ్ల మీద ప్రయాణించి, జ్వరాలు భరించి, వడదెబ్బ తగిలి రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్న ఫ్లోరెన్స్‌ను మోసుకుంటూ, 1864 మార్చి 14న ఆల్బర్ట్ సరస్సు చేరారు. అక్కడ ఆయన లెక్క తప్పింది. సరస్సు దక్షిణాన ఎక్కడికో సాగిపోతుందనుకున్నారు. 1876లో గెస్సీ అనే ఇటాలియన్ పడవ మీద చుట్టి వచ్చాక, అది 160 కిలోమీటర్ల లోపు సరస్సేనని తేలింది. మందును డ్రాములతో తూచిన మనిషి నీళ్లను కంటితో కొలిచారు.

1865లో ఫ్లోరెన్స్‌ను పెళ్లాడారు. మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. 1869 నుంచి నాలుగేళ్లు ఈజిప్టు పాలకుడి తరఫున సైన్యంతో వెళ్లి నైలు పైభాగంలో బానిసల వ్యాపారాన్ని అణచడానికి పోరాడారు. ఉద్దేశం మంచిదే. కాని దానితోపాటు దేశాలను కూడా ఈజిప్టులో కలపబోయారు. 1872లో బున్యోరో రాజు కబలేగా మనుషులు ఎదురు తిరిగితే, మసిందిలోని తన స్థావరానికి నిప్పుపెట్టి వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆయన వచ్చేశాక ఆ వ్యాపారం పూర్తిగా ఆగలేదు. తుపాకీ విషయంలో నేర్చుకున్న పాఠాన్ని రాజ్యం విషయంలో ఆయన వాడుకోలేదని నాకనిపిస్తుంది.

1890లో అడవి జంతువుల గురించి రాసిన పుస్తకంలో తుపాకుల మీద మళ్లీ వివరంగా రాశారు. అందులో ఆయన మెచ్చిన రైఫిల్ .577, బరువు 12 పౌండ్లు, మందు 6 డ్రాములు. ఇరవయ్యొక్క పౌండ్ల కుర్రతనం నుంచి అక్కడికి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. 1893 డిసెంబర్ 30న ఇంగ్లండ్‌లోని డెవన్‌లో కన్నుమూశారు.

మాస్టారూ, ఆ రోజు జవాబులో పేరు ఒక్కటే రాశాను, మార్కు వేశారు. ఆ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్లకు అది అప్పటికే తెలుసని, బున్యోరో వాళ్లకు బేకర్ దండెత్తి వచ్చిన మనిషని, ఆయనకు ధైర్యం అంటే ఏమిటో చూపింది కత్తి పట్టిన వేటగాళ్లని కూడా ఇప్పుడు రాస్తున్నాను. దీనికి ఎన్ని మార్కులు వేస్తారో మీ ఇష్టం.