గోండీ పలుకునకు బడి కట్టిన హైమన్‌డార్ఫ్

మూసీనది దక్షిణపుటొడ్డున చార్మినారు చుట్టును పెరిగిన పాత నగరము అసఫ్‌జాహీ ప్రభువుల రాజధాని. 1880 ప్రాంతములందు ఆ రాజ్యమున పారశీకమునకు మారుగా ఉర్దూ రాజభాష యయ్యెను. ఆజ్ఞలు, తీర్పులు, రెవెన్యూ దస్తరములు అన్నియు ఆ భాషలోనే నడచుచుండెను. ప్రజలలో హెచ్చుమంది తెలుగువారు. మరాఠీ, కన్నడము పలుకువారును అనేకులు. రాజాదరణ కొరవడినను ఈ భాషలకు పండితులుండిరి, పత్రికలుండెను. ఇక రాజధానికి ఉత్తరమున, గోదావరి కావల, ఆదిలాబాదు అడవులలో బ్రతుకు గోండుల పలుకునకును, కొలాముల పలుకునకును దస్తరములోనే కాదు, బడిలో సైతము చోటు లేదు. ఆ లోటు ఎంతటి కీడు తెచ్చునో గ్రహించి, దానిని తీర్ప బూనినవాడు ఈ దేశమున పుట్టినవాడు కాడు. ఆయన ఆస్ట్రియా దేశీయుడగు క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో వియన్నా నగరమున ఒక కులీన కుటుంబమున జన్మించెను. అచటి విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి, అస్సాము, బర్మా కొండజాతులను గూర్చి పరిశోధన సల్పి 1931లో డాక్టరు పట్టము నందెను. పిదప లండను జేరి మాలినోవ్‌స్కీ పండితునికడ శిక్షణము పొందెను. ఒక జాతిని గూర్చి వ్రాయదలచినవాడు వారి నడుమ నివసింపవలెను, వారి మాట వారి నోటనే వినవలెను అనునది ఆ గురువు బోధ. శిష్యుడు దానిని జీవితాంతము విడువలేదు. 1936లో నాగా కొండలకు పోయి కొన్యాక్ నాగుల నడుమ వసించెను. 1938లో ఎలిజబెత్ బార్నార్డోను వివాహమాడెను. బెట్టీ అని అందరును పిలుచు ఆమె, ఇంట ఇల్లాలు మాత్రమే గాక అడవిలో తోడి పరిశోధకురాలయ్యెను.

దంపతులు 1939లో మరల భారతదేశమునకు వచ్చిరి. అంతకు ముందటి యేడే జర్మనీ ఆస్ట్రియాను గలుపుకొనియుండెను. అందుచే హైమన్‌డార్ఫ్ చేతనున్నది జర్మను ప్రభుత్వపు పాసుపోర్టు. యుద్ధము ప్రారంభమగుటతో ఆయన ఆంగ్ల ప్రభుత్వమునకు శత్రుదేశీయుడయ్యెను. అధికారులు ఆయనను కారాగారమున నుంచక, హైదరాబాదు రాజ్యపు ఎల్లలు దాటరాదని కట్టడి చేసిరి. ఆ నిర్బంధమే ఈ నేలకు వరమయ్యెను. కదలుటకు వీలులేని పండితుడు ఆ ఎల్లల లోపలనే తన పని వెదకుకొనెను.

మొదట అమ్రాబాదు పీఠభూమిపై చెంచులను, తరువాత గోదావరి తీరపు కొండరెడ్లను ఆయన పరిశీలించెను. ఈ రెండు జాతులవారును తెలుగే పలుకుదురు; కనుక అధికారికిని వారికిని నడుమ కనీసము ఒక తెలుగు గుమాస్తా మధ్యవర్తిగా నిలువగలడు. ఆదిలాబాదులో ఆ సౌకర్యమును లేదు.

అచట అప్పటికే నెత్తురు చిందియుండెను. అటవీశాఖవారు రిజర్వు హద్దులు గీసి, తరతరములుగా పోడు కొట్టుకొనుచున్న పల్లెలను ఖాళీ చేయించుచుండిరి. మైదానములనుండి వచ్చినవారు పట్టాలు సంపాదించి, గోండులు చదును చేసిన నల్లరేగడి భూములకు యజమానులగుచుండిరి. ఈ అన్యాయమునెదిరించి కుమరం భీము జోడేఘాటు కొండలలో పోరాడి 1940లో పోలీసు తుపాకులకు బలియయ్యెను. ఆ తిరుగుబాటునకు మూలమేమో తెలిసికొనవలెనని ప్రభుత్వము తలచెను. ఆ పనికి హైమన్‌డార్ఫ్ తగినవాడుగా దొరకెను.

ఆయన కనుగొన్న కారణములలో భూమి మొదటిది. దానిని వెన్నంటియున్నది భాష. గోండునకు నోటీసు వచ్చును, అందేమున్నదో తెలియదు. పట్టా ఎవరి పేర నెక్కినదో తెలియదు. తాలూకా కచ్చేరీలో తన మొర తన మాటలో చెప్పుకొనిన వినువాడు లేడు. చదువనేర్చినవాడు ఊరిలో నొక్కడును లేనిచోట వ్యాపారి వ్రాసినదే లెక్క, పట్వారీ చెప్పినదే చట్టము.

నిజమునకు ఆ పలుకు తెలుగువారికి పరాయిది కాదు. గోండీ ద్రావిడ భాష. భాషాశాస్త్రజ్ఞులు దానిని తెలుగుతోపాటు ఒకే శాఖయందు చేర్చుదురు. రెండును మూడును వారికి రండ్, మూండ్. మ్రాను వారికి మరా. కొలామీ ద్రావిడమున మరియొక శాఖ. అయినను మన ఇల్లు వారి నోట ఎల్లా. ఇట్టి దాయాదుల మాటను అడవిమాట యని మైదానపువారు చులకన చేసిరి.

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి యను గోండు గూడెమున పూరిపాక వేసికొని కాపురముండిరి. ఆయన గోండీ నేర్వ మొదలిడెను. గోండుల వంశగాథలను పాడువారు పర్ధానులు. వారి ఇంటి పలుకు మరాఠీ యైనను, కిక్రీ వాయించుచు గోండీలోనే గాథలు గానము చేయుదురు. ఆ గాథలను ఆయన శ్రద్ధతో వ్రాసికొనెను. 1943లో మార్లవాయిలోనే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణ కేంద్రము వెలసెను. గోండీ వాచకములు నాగరలిపిలో సిద్ధమయ్యెను. ఆ సీమలో మరాఠీ ప్రచారము హెచ్చు గనుక ఆ లిపి పైచదువునకు మెట్టగునని భావించిరి. బాలుడు తన తల్లి మాటతోనే అక్షరము దిద్దెను. ఆ పిదపనే ఇతర భాషలు. గురువు ఆ గూడెములవాడే. ఆ జిల్లాలో పనిచేసిన అధికారి సేతుమాధవరావు పగడి గోండీ, కొలామీ భాషలకు వ్యాకరణములు రచించి ఈ కృషికి బలము చేకూర్చెను.

ఈ పని విలువ తెలియుటకు ఒక్కసారి దూరదేశము వంక చూడవలెను. అమెరికాలో కొలరాడో నది సముద్రమున గలియు సీమలో కోకోపా యను ఆదివాసులు గలరు. వారి భాషకు మొహావీ, క్వెచాన్ మొదలగు తోబుట్టు భాషలు కలవు. వానినన్నిటిని యూమన్ కుటుంబమందురు. ఆ దేశమున 19వ శతాబ్ది చివరనుండి ఆదివాసి బాలలను దూరపు వసతి బడులకు చేర్చి, తల్లిమాట పలికిన దండించుట పరిపాటి యయ్యెను. నేడు కోకోపా పలుకువారు కొలది వందలు మాత్రమే. బడి భాషను చంపగలదు, బ్రతికింపను గలదు. మార్లవాయి బడి ఎన్నుకొన్నది రెండవ దారి.

మధ్యలో కొంతకాలము ఈశాన్య సరిహద్దు కొండలలో పనిచేసి, 1945లో ఆయన నిజాము ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారుగా తిరిగివచ్చెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రాచార్యుడుగను నుండెను. ఆ కాలమున సుమారు 1,60,000 ఎకరముల భూమికి 11,000 మందికి పైగా గిరిజనులు పట్టాలు పొందిరి. 1946లో గిరిజన ప్రాంతముల రక్షణకు ప్రత్యేక శాసనము పుట్టెను. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొర వినుటకు దర్బారు ఏర్పడెను. అది నేటికిని జరుగుచున్నది.

1949లో ఆయన హైదరాబాదు వీడి, లండను ప్రాచ్య, ఆఫ్రికా విద్యల పాఠశాలలో చేరి, పిదప అచట ఆచార్యపదవి నలంకరించెను. నేపాళపు షెర్పాలను గూర్చి వ్రాసి కీర్తి గాంచెను. ఇచట మాత్రము ఆయన నాటిన మొక్క వాడెను. 1948లో హైదరాబాదు భారతదేశమున గలసెను. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములేర్పడెను. గోండీకి రాష్ట్రము లేదు. దాని జనులు పలు రాష్ట్రములలో చెదరియుండిరి. ఆదిలాబాదు బడులలో గోండీ బోధన అడుగంటి, తెలుగు నెలకొనెను. తన భాష రాజభాషయై సంతసించిన తెలుగువాడు, తాను నిన్న అనుభవించిన లోటే గోండు బాలునికి మిగిలినదని గమనింపలేదు. భూములును చేజారెను. 1970లలో ఆయన తిరిగివచ్చి చూచునప్పటికి, తాను ఇప్పించిన పొలములు పెక్కు పరుల చేతులలో నుండెను. భూమి బదిలీ నిషేధమును 1970లో మరింత కట్టుదిట్టము చేసినను నష్టమాగలేదు. ఆ వేదనయే 1982లో వెలువడిన ఆయన గ్రంథమునకు ప్రాణము.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూసెను. ఆమెను మార్లవాయిలో ఖననము చేసిరి. 1995లో హైమన్‌డార్ఫ్ లండనులో మరణించెను. 2012లో ఆయన అస్థికలు అదే మట్టిలో ఆమె ప్రక్కకు చేరెను. గోండులు ఆ సమాధులకడ యేటేట నివాళి యర్పించుచున్నారు.

తరువాతి కాలమున ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున గోండీకి సొంత లిపిగల ప్రతులు వెలుగు చూచెను. 2018లో ఆ లిపి కంప్యూటరు అక్షరముల ప్రపంచ పట్టికయందు చోటు గాంచెను. యంత్రము చోటిచ్చినది, తరగతిగది యింకను ఇయ్యవలసియున్నది. మన బడిలో వెనుక వరుసన మౌనముగ కూర్చున్న గిరిజన బాలుడు మందమతి కాకపోవచ్చును. అతనికి మన మాట తెలియదు. అతని మాట మనకు తెలియదు. ఆ రెంటిలో రెండవ లోటును తీర్చుకొనుట ఉపాధ్యాయుని చేతిలోని పని.